ట్యూబు రాస్తే తగ్గి, మానేస్తే మళ్లీ వచ్చే తామర

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకు 33 ఏళ్లు. పోయిన సార్వా ఊడ్పుల రోజుల్లో లంగా బొందు కట్టుకునే చోట రూపాయి బిళ్లంత మచ్చ లేచి దురద పెట్టింది. మెడికల్ షాపులో చెబితే ఒక ట్యూబు ఇచ్చారు. మూడు రోజులకే దురద పోయింది. మానేసిన పది రోజులకి మళ్లీ వచ్చింది. అలా ఏడాదిగా రాస్తూనే ఉన్నాను. ఇప్పుడు నడుము చుట్టూ, తొడల సందుల్లో, రొమ్ముల కింద కూడా పాకింది. తొడల మీద కాన్పు చారల్లాంటివి ఎర్రగా కనపడుతున్నాయి. మావారు రొయ్యల చెరువు మీద పని చేస్తారు. ఆయనా గోక్కుంటూనే ఉంటారు, అడిగితే చెమటకాయలు అంటారు. మా ఏడేళ్ల బాబుకి మొలతాడు కింద మచ్చ వచ్చింది, తలలో ఒకచోట జుట్టు ఊడుతోంది. మా అత్తగారికి షుగరు. ఆవిడ కాలివేళ్ల సందులు ఎప్పుడూ తెల్లగా నానిపోయి ఉంటాయి. రక్తం చెడిపోయిందని, చేపలు, రొయ్యలు, వంకాయ మానేయమని ఆవిడ అంటున్నారు. ఒక్క ఇంజెక్షన్‌తో పోతుందని ఊళ్లో ఆర్‌ఎంపీ గారు అంటున్నారు. చోటు అలాంటిది కాబట్టి డాక్టరుకి చూపించాలంటే సిగ్గుగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి ఇది తామరే అయ్యుంటుంది. పూర్తిగా నయమవుతుంది, ఆ విషయంలో ధైర్యంగా ఉండండి. ఇన్నాళ్లూ నయం కాకపోవడానికి మీ శుభ్రతో, మీ రక్తమో కారణం కాదు. రెండు కారణాలు నాకు మీ ఉత్తరంలోనే కనపడుతున్నాయి. ఒకటి ఆ ట్యూబు. రెండోది, ఇంట్లో నలుగురికీ చర్మం మీద ఏదో ఒకటి ఉంటే మందు మీరొక్కరే రాసుకోవడం. ఈ రెండూ సరిచేయకుండా ఎంత ఖరీదైన మందు వాడినా మళ్లీ మొదటికే వస్తుంది.

తామర అనేది చర్మం పైపొరలో పెరిగే ఫంగస్. మన చర్మం పైపొర, జుట్టు, గోళ్లు కెరటిన్ అనే పదార్థంతో తయారవుతాయి. ఈ ఫంగస్‌కి అదే తిండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది రక్తంలోకి పోదు, లోపలి అవయవాలకు పాకదు. ఒక చోట మొదలై చుట్టూ బయటికి పెరుగుతూ పోతుంది, వెనక వదిలిన చోటు కాస్త మానుతుంది. అందుకే మచ్చ గుండ్రంగా, మధ్యలో మామూలు రంగులో, అంచు మాత్రం ఎర్రగానో నల్లగానో ఉబ్బి, సన్నటి పొట్టుతో కనపడుతుంది. వేలితో నెమ్మదిగా తడిమితే ఆ అంచు గట్టులా తగులుతుంది. చెమట పట్టినప్పుడు దురద ఎక్కువవుతుంది. గజ్జలు, పిరుదులు, చంకలు, రొమ్ముల కింద, లంగా బొందు, మొలతాడు, ఎలాస్టిక్ ఒరుసుకునే చోట్లు దీనికి ఇష్టమైన చోట్లు. మీకు మొట్టమొదట బొందు కిందే వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. ఊడ్పుల్లో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తడిసిన బట్ట ఒంటి మీదే ఉంటుంది. మన డెల్టాలో వాన లేని రోజున కూడా గాలిలో తేమ తగ్గదు.

అయితే దురద పెట్టే ప్రతి మచ్చా తామర కాదు. ట్యూబు కొనే ముందు ఆలోచించాల్సింది ఇదే. గజ్జి అయితే దురద రాత్రిపూట విపరీతంగా ఉంటుంది. చేతివేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ, మగవాళ్లకి మర్మాంగాల మీద చిన్న చిన్న పొక్కులు వస్తాయి. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు గోక్కోవడం మొదలుపెడతారు. అది చర్మంలో దూరే సూక్ష్మమైన పురుగు వల్ల వస్తుంది, దాని మందు వేరు. మెడ మీద, వీపు మీద, ఛాతీ మీద దురద పెద్దగా లేకుండా తెల్లగానో గోధుమ రంగులోనో చిన్న మచ్చలు లేచి, గోటితో గీరితే పిండిలా పొట్టు రాలితే అది శోభి. అదీ ఫంగసే కానీ మరో జాతి. దానికి కీటోకొనజోల్ షాంపూ లాంటివి బాగా పనిచేస్తాయి. మందు పనిచేశాక కూడా తెల్ల రంగు కొన్ని నెలలు అలాగే ఉంటుంది. అది చూసి మందు పనిచేయలేదని మళ్లీ మళ్లీ రాయక్కర్లేదు. సిమెంటు పని, పొలంలో కొట్టే మందులు, కొత్త చెప్పుల పట్టీ వల్ల వచ్చే ఎగ్జిమా కూడా తామరలాగే కనపడి మోసం చేస్తుంది.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. దురద లేకుండా, చుట్టూ ఉన్న చర్మం కన్నా పాలిపోయిన మచ్చ ఉండి, దాని మీద స్పర్శ తక్కువగా ఉంటే అది కుష్టు కావచ్చు. మచ్చ ఉన్న మనిషిని కళ్లు మూసుకోమని, దూది కొసతో మచ్చ మీదా పక్కనా తాకించి, తగిలిందో లేదో అడగండి. తేడా ఉందనిపిస్తే ట్యూబు జోలికి పోకుండా నేరుగా పీహెచ్‌సీకి వెళ్లాలి, లేకపోతే మీ ఊరి ఆశా కార్యకర్తకి చెప్పాలి. కుష్టుకి మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. తొందరగా మొదలుపెడితే ఏ వైకల్యమూ రాకుండా నయమవుతుంది. మీ మచ్చలు దురద పెడుతున్నాయి, పాకుతున్నాయి కాబట్టి మీ విషయంలో నాకు ఆ అనుమానం లేదు. కానీ మన పల్లెల్లో తామర అనుకుని ఏళ్ల తరబడి ట్యూబు రాసి, చివరికి వేళ్లు వంకర పోయాక వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లలో ఒక్కరైనా ఇది చదువుతారని రాస్తున్నాను.

ఇప్పుడు మీ ట్యూబు సంగతి. దాన్ని చేతిలోకి తీసుకుని, వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చూడండి. ఇంగ్లీషు చదవడం ఇబ్బందైతే చదువుకునే పిల్లల చేత చదివించండి. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న పేరుతో మనకి పని లేదు. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మోమెటసోన్, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది స్టెరాయిడ్ కలిసిన ట్యూబు. సాధారణంగా దీంతో పాటు ఒక ఫంగస్ మందు, ఒకటో రెండో యాంటీబయాటిక్‌లు కూడా కలిపి ఉంటాయి. టెర్బినఫైన్, ఆఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్, క్లోబెటసాల్ నాలుగూ ఒకే ట్యూబులో ఉన్నవి కూడా ఉన్నాయి. ఏ జబ్బో తేల్చుకోకుండా అన్నింటికీ కలిపి ఒక్కటే ఇచ్చేయడం కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ సులువు. నష్టం మాత్రం చర్మానికి.

మూడు రోజుల్లోనే దురద ఎందుకు పోయిందో చెబుతాను. ఫంగస్ పైపొరలోకి రాగానే మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాని మీద పోరాడుతుంది. ఎరుపు, వాపు, దురద అన్నీ ఆ పోరాటం వల్లే వస్తాయి. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. ఇంట్లో దొంగ పడ్డాడని అరుస్తున్న కుక్క నోరు కట్టేసినట్టు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, దొంగ మాత్రం గదులన్నీ తిరుగుతుంటాడు. ఆ ట్యూబులో ఉన్న ఫంగస్ మందు, ఫంగస్ పాకే ఈ వేగాన్ని తట్టుకోలేదు. పైగా దురద పోగానే మీరు మానేస్తారు, అప్పటికి ఫంగస్ చావలేదు. మళ్లీ లేచేసరికి మచ్చ ఇంకా పెద్దదవుతుంది. కొన్నాళ్లకి గుండ్రటి ఆకారం చెదిరిపోతుంది, అంచు మసకబారుతుంది, ఒక వలయంలో ఇంకో వలయం కనపడుతుంది. అప్పుడు చూసిన డాక్టరుకి కూడా ఇది తామరని వెంటనే తెలియకపోవచ్చు.

తొడల మీద చారలన్నారే, అవి కూడా స్టెరాయిడ్ వల్ల వచ్చినవే అయ్యుంటాయి. చర్మం పలచబడి లోపలి నారలు తెగితే అలాంటి చారలు పడతాయి. మడతల్లో చర్మం అసలే పలచన, మందు ఎక్కువగా లోపలికి పీలుస్తుంది, అందుకే గజ్జల్లో తొందరగా వస్తాయి. మీకు అబద్ధం చెప్పను, ట్యూబు మానేశాక ఎరుపు తగ్గి తెల్లబడతాయి కానీ పూర్తిగా పోవు. వాటివల్ల ప్రమాదం మాత్రం లేదు. కొత్తవి పడకుండా ఈరోజే ఆపేయండి. చర్మానికి పూసే 14 రకాల స్టెరాయిడ్లను కేంద్ర ప్రభుత్వం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా ఏ మందుల షాపుకి వెళ్లినా అడగ్గానే ఇచ్చేస్తున్నారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. ఒక్క అలవాటు వల్ల, కొన్ని వారాల్లో తగ్గాల్సిన జబ్బు కుటుంబాలకు కుటుంబాలనే ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చుంటోంది.

ఆర్‌ఎంపీ గారు చెప్పిన ఇంజెక్షన్ కూడా చేయించుకోవద్దు. తామరని ఒక్క ఇంజెక్షన్‌తో నయం చేసే మందు లేదు. ఇంజెక్షన్‌తో రెండు రోజుల్లో దురద మాయమైందంటే అది స్టెరాయిడ్ అయ్యుండే అవకాశమే ఎక్కువ. షుగరు ఉన్న మీ అత్తగారికి అలాంటిది చేయిస్తే షుగరు ఒక్కసారిగా పెరిగిపోతుంది.

పూర్వం తామరకి రెండు మూడు వారాలు మామూలు ఆయింట్‌మెంట్ రాస్తే పోయేదని పెద్దవాళ్లు అంటారు. అది నిజమే. గత పదేళ్లలో మన దేశంలో ఈ ఫంగస్ తీరు మారిపోయింది. ఇప్పుడు ఎక్కువగా కనపడే జాతికి 2020లో జపాన్ శాస్త్రవేత్తలు ట్రైకోఫైటాన్ ఇండోటీనియే అని పేరు పెట్టారు. భారత్, నేపాల్‌ల నుంచి వెళ్లిన రోగుల చర్మం మీద దాన్ని గుర్తించారు. 2023లో న్యూయార్క్‌లో కూడా బయటపడింది. ఈ జాతిలో చాలావాటికి టెర్బినఫైన్ అనే మందు సరిగా పనిచేయడం లేదు, ఆ మందు పట్టుకోవాల్సిన చోట ఫంగస్ జన్యువులో మార్పు వచ్చింది. అందుకే పక్కింటి వాళ్లకి పనిచేసిన మాత్ర మీకు పనిచేయకపోవచ్చు. ఎవరి చీటీ చూసో మీరు మందు కొనుక్కోవద్దు.

డాక్టరు దగ్గర చిన్న పరీక్ష ఒకటి చేయించుకోండి. మచ్చ అంచు మీది పొట్టుని బ్లేడుతో మెల్లగా గీరి, గాజు పలక మీద పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఫంగస్ ఉంటే సన్నటి కొమ్మల్లా కనపడుతుంది. నొప్పి ఉండదు, రక్తం తీయరు, తరచుగా ఆ రోజే తెలిసిపోతుంది. అందుకని వెళ్లేముందు కనీసం మూడు నాలుగు రోజులు ఏ ఆయింట్‌మెంటూ, పసుపూ, నూనే రాయకుండా ఉంటే మంచిది.

మీలాగా చాలా చోట్లకి పాకిన తామరకి పైపూత ఒక్కటే చాలదు, మాత్రలు కావాలి. ఈ మధ్య ఎక్కువమందికి ఇట్రాకొనజోల్ ఇస్తున్నాం, మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ. దీన్ని కడుపునిండా భోజనం చేసిన వెంటనే వేసుకోవాలి. గ్యాస్ మాత్రతో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకునే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి ఈ మందు పనికిరాదు. కొలెస్ట్రాల్ మాత్రలు కొన్నింటితో, బీపీ మాత్రలు కొన్నింటితో పడదు. లివర్ జబ్బు ఉంటే ముందే చెప్పాలి. గర్భం ఉన్నా, వచ్చే అవకాశం ఉన్నా, బిడ్డకి పాలిస్తున్నా డాక్టరుతో దాచకుండా చెప్పండి, అప్పుడు మందులు వేరేగా ఎంచుకుంటారు. మీరు వాడే మందులన్నీ ఒక కవర్‌లో వేసుకుని వెళ్తే ఇవన్నీ గుర్తు పెట్టుకునే శ్రమ ఉండదు.

పైపూతకి స్టెరాయిడ్ లేని ఫంగస్ మందు మాత్రమే వాడాలి: క్లోట్రిమజోల్, లూలికొనజోల్, సెర్టకొనజోల్ లాంటివి. ఎలా రాయాలో చాలామందికి తెలియదు, డాక్టర్లం కూడా హడావిడిలో చెప్పం. స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా ఆరాక రాయాలి. ఎర్రగా కనపడే చోటుతో ఆపకుండా, అంచు దాటి రెండు వేళ్ల వెడల్పు మంచి చర్మం మీద కూడా రాయాలి, ఎందుకంటే ఫంగస్ కంటికి కనపడే అంచు కన్నా ముందే వెళ్లి ఉంటుంది. బయటి నుంచి లోపలికి రాయండి. మందంగా పట్టించక్కర్లేదు. చూపుడువేలి చివరి కణుపు పొడవున ట్యూబు నుంచి పిండితే రెండు అరచేతులంత మేరకి సరిపోతుంది. దురద పోయినా ఆపకండి, మచ్చ కనపడకపోయినా ఆపకండి. చర్మం పూర్తిగా మామూలైన తర్వాత ఇంకో రెండు వారాలు రాయాలి. తగ్గిన చోట మిగిలే నల్లటి మరకకి మందు అక్కర్లేదు, అది కొన్ని నెలల్లో దానంతటదే పలచబడుతుంది.

ట్యూబు మానేసిన మొదటి వారం పది రోజులు కష్టంగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. ఎరుపు, మంట, దురద ఇంతకు ముందు కన్నా ఎక్కువవుతాయి. కొత్త మందు పడలేదేమో అని టెన్షన్ పడి చాలామంది ఇక్కడే మళ్లీ పాత ట్యూబుకి వెళ్లిపోతారు. ఆ పది రోజులు ఓర్చుకోండి. రాత్రి నిద్ర పట్టనంత దురద ఉంటే సెట్రిజిన్ లాంటి మాత్ర డాక్టరునడిగి తీసుకోండి. చల్లటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డ కాసేపు వేసి, తర్వాత తడి లేకుండా తుడుచుకుంటే హాయిగా ఉంటుంది. వెల్లుల్లి నూరి కట్టడం, కిరసనాయిలు, యాంటీసెప్టిక్ నీళ్లు కలపకుండా పోయడం లాంటివి చేయొద్దు. వెల్లుల్లికి కాలి బొబ్బలెక్కిన చర్మం తామర కన్నా ఎక్కువ బాధ పెడుతుంది. సీమఅవిసె ఆకుకి ఫంగస్‌ని అడ్డుకునే గుణం కొంత ఉన్నమాట నిజమే. కానీ ఇంత పాకిన తామరకి, అందులోనూ స్టెరాయిడ్‌తో పలచబడిన చర్మానికి పసరు పూయడం మంచిది కాదు.

ఇక మీ ఇంటి సంగతి. మీ ఆయన్ని మీతో పాటు తీసుకెళ్లడం నా దృష్టిలో మీ మాత్రలంత ముఖ్యం. చెరువులో దిగి వలేసి, మేత చల్లి, తడిసిన నిక్కరుతోనే గంటలు గంటలు గడిపే పని ఆయనది. చెమటకాయలైతే ఏడాది పొడవునా ఒకే చోట ఉండవు. ఆయన గజ్జల్లో ఉన్నంతకాలం మీకు తగ్గినా మళ్లీ అంటుకుంటుంది. చెరువు దగ్గర షెడ్డులో ఒక పొడి లుంగీ, ఒక తువ్వాలు ఉంచుకోమనండి. గట్టుకి రాగానే మంచినీళ్లతో కడుక్కుని, తుడుచుకుని, తడి నిక్కరు మార్చుకోవాలి. నైలాన్ నిక్కర్లు, బిగుతు జీన్స్ ఈ రెండు నెలలు పక్కన పెట్టమనండి. కాలివేళ్ల సందుల్లో కూడా ఉంటే గజ్జలు తుడుచుకునే తువ్వాలుతో కాళ్లు తుడుచుకోకూడదు.

బట్టల విషయంలో ఒక్క మాట చెప్పాలి. మన ఇళ్లలో ఆడవాళ్లు లోదుస్తులు ఎవరికీ కనపడకుండా చీర కిందో, గది మూలన తాడు మీదో ఆరేస్తారు. అవి లోపలే చెమ్మగా ఉండిపోతాయి, మర్నాడు అవే వేసుకుంటారు. ఫంగస్ ఉన్న చర్మపు పొట్టు బట్టల కుట్లలో చిక్కుకుని నెలల తరబడి బతకగలదు. వాటిని ఎండలో, తిరగేసి ఆరేయండి. ఎవరో చూస్తారని ఆరోగ్యం పాడుచేసుకోవద్దు. తామర ఉన్నవాళ్ల బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్లు విడిగా, చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లలో అరగంట నానబెట్టి ఉతకండి. ముసురు పట్టి ఎండ రానప్పుడు ఇస్త్రీ చేయండి, ముఖ్యంగా కుట్ల మీద, నడుము పట్టీ మీద. తువ్వాలు, సబ్బు, దుప్పటి ఎవరివి వాళ్లకే ఉండాలి. లంగా బొందు రోజూ ఒకే చోట బిగించకుండా కాస్త పైకీ కిందికీ మార్చి కట్టుకోండి.

బాబు మొలతాడు తీసేయండి. ఇది మీ అత్తగారికి నచ్చకపోవచ్చు. నెమ్మదిగా చెప్పండి, మందు వాడినంతకాలం తీసి, తగ్గాక కొత్తది కట్టుకోవచ్చని. దారం తడిసి, చెమట పట్టి, పొట్టు పట్టుకుని, రోజంతా అదే చోట ఒరుసుకుంటుంది. దాన్ని ఉంచి మందు రాస్తే ప్రయోజనం ఉండదు. మెడలో తాయెత్తు తాడు, ముంజేతి దారం ఉన్నా ఇదే మాట.

బాబు తల సంగతి ఆలస్యం చేయకండి. జుట్టు ఊడిన చోట చర్మం నున్నగా, మెరుస్తూ, పొట్టు లేకుండా ఉంటే అది పేనుకొరుకుడు, దానికీ ఫంగస్‌కీ సంబంధం లేదు. అలా కాకుండా పొట్టు రాలుతూ, వెంట్రుకలు మొదట్లోనే తెగి నల్లటి చుక్కల్లా కనపడుతుంటే అది తల తామర. దానికి పైపూత పనిచేయదు, ఎందుకంటే ఫంగస్ వెంట్రుక మొదల్లో ఉంటుంది. బరువును బట్టి మాత్రలో సిరపో వారాల తరబడి ఇవ్వాలి. గ్రిసియోఫల్విన్ రాస్తే పాలతోనో, నూనె పదార్థం ఉన్న భోజనంతోనో వేయండి, అప్పుడే ఒంటికి పడుతుంది. చీము పట్టి మెత్తటి గడ్డలా ఉబ్బితే కోయించకండి, అదీ ఈ ఫంగస్ వల్లే వస్తుంది, మందులతోనే తగ్గుతుంది. ఆలస్యమైతే మాత్రం అక్కడ జుట్టు శాశ్వతంగా పోవచ్చు. దువ్వెన, టోపీ వేరుగా పెట్టండి. ఇంట్లో పిల్లి పిల్లతో ఆడుతున్నాడా, పాకలో దూడకి కళ్ల చుట్టూ, మెడ మీద బూడిద రంగు పొక్కులు కట్టాయా అని కూడా ఒకసారి చూడండి. ఇది వాటి నుంచి కూడా అంటుకుంటుంది, ఉంటే పశువుల డాక్టరుకి చూపించాలి.

మీ అత్తగారి కాళ్లు నాకు మీ మచ్చల కన్నా ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నాయి. వేళ్ల సందులు నాని తెల్లబడి పగిలితే ఆ పగుళ్ల గుండా బ్యాక్టీరియా లోపలికి పోతుంది. షుగరు ఉన్నవాళ్లలో ఒక్క రాత్రిలో కాలు ఎర్రగా, వేడిగా, బరువుగా వాచి చలిజ్వరం రావచ్చు. అలా జరిగితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలా కాకుండా ఉండాలంటే రోజూ రాత్రి ఆవిడ కాళ్లు సబ్బుతో కడిగి, ఒక్కో సందులో మెత్తటి గుడ్డ పెట్టి పూర్తిగా ఆరబెట్టి, క్లోట్రిమజోల్ రాయండి. సందుల్లో కొబ్బరినూనె వద్దు, అది మడమలకి రాయండి. ఆవిడకి మధుమేహంతో స్పర్శ తగ్గి ఉంటే నొప్పి తెలియదు కాబట్టి మీరే దీపం వెలుగులో చూడాలి. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకి మాటిమాటికీ చలిజ్వరం వచ్చి, గజ్జలో బిళ్ల కట్టి, కాలు ఇంకా లావవ్వడానికి దారి తీసేది ఎక్కువగా ఈ వేళ్ల సందుల పగుళ్లే. సందులు శుభ్రంగా, పొడిగా ఉంచుకుంటే ఆ జ్వరాలు బాగా తగ్గుతాయి. మీ వీధిలో అలాంటి పెద్దవాళ్లు ఉంటే వాళ్లకీ చెప్పండి.

చేపలు, రొయ్యలు, వంకాయ తినొచ్చు. తామరకీ వాటికీ సంబంధం లేదు. ఎవరికైనా రొయ్యలు తినగానే ఒళ్లంతా దద్దుర్లు లేచి, కొన్ని గంటల్లో పోతే అది ఎలర్జీ, అది వేరే సంగతి. ఇన్ని వారాలు మాత్రలు మింగాల్సిన మనిషి పత్యం పేరుతో నీరసించిపోకూడదు. అత్తగారు ఆపాల్సింది చేపలూ వంకాయా కాదు, చక్కెర. షుగరు అదుపులో లేకపోతే మడతల్లో ఇంకో రకం ఫంగస్ కూడా పడుతుంది: పచ్చిగా, ఎర్రగా, చుట్టూ చిన్న చిన్న చీము పొక్కులతో. అలాంటిది మళ్లీ మళ్లీ వస్తుంటే, షుగరు లేదనుకునేవాళ్లు కూడా ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవాలి.

సిగ్గు గురించి రాశారు. ఏడాది పాటు ఎవరికీ చెప్పుకోలేక మీరెంత నలిగిపోయి ఉంటారో నాకు అర్థమవుతోంది. ఆడ డాక్టరు కావాలని అడగడం తప్పు కాదు. పాలకొల్లు, నరసాపురం, భీమవరంలలో ప్రైవేటు డాక్టర్లకి ముందే ఫోన్ చేసి అడగండి. ఖర్చు భారమైతే కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో చర్మవ్యాధుల విభాగం ఉంది. మగ డాక్టరే ఉన్నా, నర్సునో మీ వెంట వచ్చిన ఆడమనిషినో పక్కన ఉంచుకునే చూడాలి, అలా అడిగే హక్కు మీకుంది. మాకు ఆ మచ్చ చెయ్యి మీదున్నా తొడ మీదున్నా ఒక్కటే. నడుము మీద అంచు ఒక్కటి చూపించి, మిగతా చోట్ల కూడా ఇలాగే ఉందని చెప్పినా మొదటిసారికి చాలు. ఆ ఏడాదిగా వాడిన ట్యూబులు, ఖాళీవైనా సరే, కవర్‌లో వేసుకుని తీసుకెళ్లండి. నలుగురూ ఒకే రోజు వెళ్లండి. నాలుగు వారాల తర్వాత మళ్లీ చూపించుకుని, మందు ఆపాలా కొనసాగించాలా అన్నది డాక్టరునే తేల్చమనండి.